పాలగుట్టకు నేను కట్టిన కంచె

చిక్కడపల్లి, హైదరాబాదు
విజయ నామ సంవత్సర కార్తీక శుద్ధ ఏకాదశి, బుధవారం
13 నవంబరు 2013

చిరంజీవి నగేష్‌కు,

పెద్దవాడు చిన్నవాడికి ఉత్తరం రాసేటప్పుడు దీవెనలతో మొదలుపెట్టాలన్నది మా తండ్రిగారు నేర్పిన మర్యాద. ఆయువు, ఆరోగ్యం, విద్య, కీర్తి నీకు సమృద్ధిగా కలగాలని కోరుతున్నాను. ఇంతవరకు రాసి, దీవించే అర్హత ఈ చేతికి ఉన్నదా అని కలం ఆపి చాలాసేపు ఆలోచించాను. ఉత్తరం చివరిదాకా చదివిన తరువాత, ఆ దీవెనలను ఉంచుకోవాలో తిప్పి పంపాలో నీవే నిర్ణయించుకో.

ఇక్కడ మేమిద్దరం క్షేమం. మనోరమకు మోకాళ్ల నొప్పులు ఎప్పటిలాగే ఉన్నవి. నిన్ను తరచు తలుచుకుంటుంది. "ఆ అబ్బాయి ఎన్నిసార్లు వచ్చినా చెప్పులు గుమ్మం పక్కన జతగా పెట్టి లోపలికి వచ్చేవాడండీ, మీ శిష్యుల్లో ఇంకెవరికీ ఆ బుద్ధి లేదు" అంటుంది. అశోక్ నగర్ కోచింగ్ సెంటరులో ఆదివారాల వ్యాసరచన తరగతి ఇంకా చెబుతూనే ఉన్నాను. రాష్ట్రం వస్తుంది, ఉద్యోగాలు వస్తాయన్న ఆశతో పిల్లలు ఊళ్ల నుండి దిగుతున్నారు. హాస్టళ్లలో మంచం దొరకడం లేదు. మీ హాస్టలు కింద టీ అమ్మే ఆయన మొన్న నన్ను ఆపి, "నగేషన్న మళ్ల రాడా సార్? పరీక్ష రాయకుండనే పోయిండు, ఏమైంది?" అని అడిగాడు. కల్వకుర్తిలో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతున్నాడట అన్నాను. ఏమైందన్న ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పలేదు.

ఇక అసలు సంగతి.

పోయిన గురువారం ఉదయం నారాయణగూడ వైపు నడుస్తున్నాను. మా వీధి మలుపులో ఒక పాత పెంకుటిల్లు, దాని పెరట్లో జామచెట్లు ఉండేవి, నీకు గుర్తుండవచ్చు. ఇప్పుడు అక్కడ అయిదంతస్తుల ఫ్లాట్లు లేస్తున్నవి. ఇసుక తట్ట నెత్తిన పెట్టుకుని వస్తున్న ఒకామె నన్ను చూసి ఆగింది. తట్ట దించకుండానే, "నమస్తె అయ్యా. గుర్తువట్టలే? నేను, నగేషు వాళ్ల అమ్మను" అన్నది.

నిజమే, గుర్తుపట్టలేదు. ఆశమ్మను నేను నారాయణగూడ చౌరస్తాలో సీతాఫలాల గంప ముందు కూర్చున్న మనిషిగానే ఎరుగుదును. ప్రతి యేడూ ఈ కాలంలో మొదటి బస్సుకు దిగి, గంప అమ్ముడుపోయాక నాలుగు మంచి పండ్లు కొంగున కట్టుకుని మా గుమ్మానికి వచ్చేది. "మా పోరనికి సదువు జెప్తున్నవు, తిను అయ్యా" అనేది. ఆ మనిషి సున్నం, దుమ్ము పట్టిన ముఖంతో నా ముందు నిలబడితే, గంప ఏదమ్మా అని అడిగాను. ఎంత తెలివితక్కువ ప్రశ్న!

"ఇంకేడి గంప? గుట్ట మీదికి పోనిస్తలేరు గద. పండ్లు చెట్టు మీదనే పండి, రాలి, పురుగులు వడుతున్నయి. కంచె బయట నిలవడి సూస్తున్నం" అన్నది. తరువాత, ఎవరి మీదా కోపం లేనట్టు, "మా ఆయన గొర్లు అమ్మిండు. కంచె కాడనే కావలి వెట్టుకున్నరు ఆయనను. మొన్నటిదాంక తన ఎంబడి గొర్లు తోలుకపోయినోల్లనే ఇప్పుడు కట్టె వట్టుకొని అదిలిస్తుండు. ఆల్లు ఊకుంటరా? 'ఏం ఈదన్నా, పోలీసువైనవా? టోపీ ఇయ్యలేదా?' అని నవ్వుతున్నరు" అన్నది. చెబుతూ తానూ నవ్వింది.

మీ తండ్రి ఈదయ్య సంగతి నీకు తెలిసే ఉంటుంది. నాకు తెలియదు. తెలుసుకోవాలని నేను ఎన్నడూ అనుకోలేదు కూడా.

తరువాత ఆమె ముఖంలో నవ్వు పోయింది. "నాకొక్కటే పరేషానున్నదయ్యా. గుట్ట మీద పండు తెంపుతె పాపమని పాతకాలం పద్యంల ఉన్నదంట. నువ్వే సదివి చెప్పినవంట. మాకు ఎరుకలేక పుట్టినకాన్నుంచి తెంపినం. మా అత్త తెంపింది, మా అవ్వ తెంపింది. సచ్చిపోయినోల్లకు గూడ తగుల్తదా ఆ పాపం? ఏమన్న పరిహారం ఉంటె జెప్పు, జేసుకుంట" అన్నది.

పైనుండి మేస్త్రీ, "ఏయ్ ఆశమ్మా, ముచ్చట్లు మాపటికి వెట్టుకో, ఇసుక అయిపోయింది!" అని అరిచాడు. ఆమె నా జవాబు కోసం చూస్తూ నిలబడింది, నెత్తిన బరువుతో. నేను ఏమన్నానో తెలుసా? "గ్రంథం చూసి చెబుతానమ్మా" అన్నాను.

నగేష్, చూడడానికి గ్రంథం లేదు.

రెండేళ్ల కిందట, చలికాలంలో, మీ ఊరి పాలగుట్టను పగలగొట్టడానికి కంకర యంత్రాలవాళ్లకు లీజు ఇచ్చారని చెప్పి, నీవు రాసిన అర్జీ తీసుకుని నా దగ్గరకు వచ్చావు. భాష దిద్ది, కలెక్టరు ఆఫీసులో నాకు తెలిసినవారి ద్వారా అందజేయమన్నావు. అర్జీ పోయింది, పని కాలేదు. అది జరిగిన కొన్నాళ్లకు, మా తాతగారి తాటాకుల్లో ఈ గుట్ట మాహాత్మ్యం ఉండేదని, చెదలు తినకముందు చిన్నతనంలో నేను ఎత్తి రాసుకున్నానని చెప్పి, నూటపదకొండు పద్యాల కాగితాలు నీ చేతిలో పెట్టాను. నీవు వాటిని కళ్లకు అద్దుకున్నావు. ఆ తాటాకులు లేవు. ఆ ముని లేడు. పాలగుట్టకు 'క్షీరగిరి' అన్న పేరు ఎవరూ పెట్టలేదు. పాలచెట్లు ఉన్నందుకు మీరు పిలుచుకున్న పేరు పద్యంలో ఇమడలేదని నేను మార్చాను. నేను ఏనాడూ చూడని గుట్ట మీద, లేని మునిని తపస్సుకు కూర్చోబెట్టి, అతని పాదాల దగ్గర ఊట పుట్టించాను. మూడు వారాల్లో పూర్తయింది. నా జీవితంలో అంత ధారాళంగా పద్యం ఎన్నడూ నడవలేదని ఆ రోజుల్లో గర్వపడ్డాను.

కీడు తలపెట్టి చేసింది కాదు. గొర్లు మేస్తాయి, పండ్లు పండుతాయి అంటే ఏ అధికారీ గుట్టను వదలడు, దేవుడు ఉన్నాడంటే వదులుతాడు అనుకున్నాను. అది నిజమే అయింది. హైదర్‌గూడలో బట్టల వ్యాపారం చేసే రమాకాంత్‌గారు నా ఉపన్యాసాలకు వచ్చే భక్తుడు. ఆయన దాన్ని పుస్తకంగా అచ్చువేయించి, పదిమందిని వెంటబెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగారు. లీజు రద్దయింది. గుట్ట నిలిచింది. ఆ రోజు మనోరమ పాయసం వండింది.

అందులో ఒక సీసపద్యం ఉన్నది, ముని క్షేత్రానికి విధించిన కట్టడి గురించి. నాకు కావలసింది ఒక్క నిషేధమే: ఈ కొండ రాతి మీద ఉలి పడరాదు. కాని సీసానికి నాలుగు పెద్ద పాదాలు నిండాలి. మొదటి పాదం ఉలికి సరిపోయింది. మిగిలిన మూడూ ఖాళీగా కనబడుతుంటే, నాలుగు పాదాల్లో నాలుగు 'రాదు'లు వరుసగా మోగితే చెవికి ఎంత ఇంపుగా ఉంటుందో అనిపించింది. మేక మేయరాదు అని ఒకటి, పండు కోయరాదు అని ఒకటి, ఎండుకొమ్మ ఏరరాదు అని ఒకటి. అంతే. భోజనానికి పిలుపు వచ్చేలోపు రాసేశాను. ఆ మూడు పాదాల వెనుక మనుషులు ఉంటారన్న ఆలోచన నాకు రాలేదు. యతి కుదిరిందా లేదా అన్న ఆలోచన మాత్రం రెండుసార్లు వచ్చింది. ఆ పద్యాన్ని ఇక్కడ ఎత్తి రాయడానికి చేయి రావడం లేదు.

రమాకాంత్‌గారు పెట్టిన క్షీరగిరి సేవాసమితి ఈ ఉగాదికి గుట్ట చుట్టూ ముళ్లకంచె వేసి, ఆ పద్యాన్ని నాలుగు నియమాలుగా విడదీసి బోర్డు మీద రాయించింది. కంచె సంగతి నాకు చెప్పారు. 'అడవిని కాపాడుతున్నాం గురువుగారూ' అన్నారు. శుభం అన్నాను. దసరాకు సమితివారు ప్రసాదమని ఒక బుట్ట సీతాఫలాలు పంపారు. ఒకటి విప్పి, ఇంత తీపి మనుషులు ముట్టని చెట్టుకే వస్తుంది అన్నాను. అన్నది నేనే, నగేష్. నారాయణగూడ చౌరస్తాలో మీ అమ్మ కూర్చునే చోటు ఖాళీగా ఉందన్నది ఆ బుట్ట ముందు కూర్చున్నప్పుడు నాకు గుర్తు రాలేదు.

ప్రతి ఉదయం మంచం దిగేముందు నేలను వేళ్లతో తాకి, నీ మీద పాదం మోపుతున్నాను క్షమించు అని భూమిని అడగడం నాకు చిన్ననాటి అలవాటు. తరగతిలో మీకందరికీ దాన్ని గొప్పగా చెప్పాను; భూమితో మెలగవలసిన తీరు అదేనన్నాను. నేలను ముట్టుకుంటే చాలు ధర్మం తెలిసిపోతుందనుకునే మనిషి ఎంత ప్రమాదకరమో అప్పుడు నాకు తెలియదు. శుక్రవారం నుండి ఆ మాట నోట రావడం లేదు. మంచం అంచున కూర్చుని కాళ్లు కిందకు వేలాడదీసుకుంటాను. చేయి నేల దాకా పోయి ఆగిపోతుంది. క్షమించవలసింది భూమి కాదేమో. నా వంటింటి గట్టు మీద పరిచిన నల్లరాయి ఏ ఊరి గుట్టదో ముప్పయి యేళ్లుగా అడగకుండా దాని మీద కూరలు తరిగించుకున్నవాణ్ణి, మీ అమ్మ చేతిలోని పండును పాపం చేశాను.

మనోరమకు అంతా చెప్పాను. ఆమె బియ్యం ఏరుతూ విన్నది. "అయితే పద్యం నిండడం కోసం ఆవిడ గంప ఖాళీ చేశారన్నమాట" అన్నది. ఆ తరువాత రెండు రోజులు నాతో అవసరమైన మాటలే మాట్లాడింది.

ఇప్పుడు చిక్కు ఎక్కడున్నదో చెబుతాను. రాబోయే ఆదివారం, కార్తీక పౌర్ణమినాడు, సమితివారు చిక్కడపల్లిలో సభ చేసి నాకు గండపెండేరం తొడుగుతారట. ఆహ్వానపత్రాలు పంచేశారు. నేను ఆ వేదిక మీద నిలబడి, ఇది పురాణం కాదు, నేను అల్లిన కట్టుకథ అని చెప్పగలను. పరువు పోతుంది, డెబ్బయి నాలుగేళ్లకు పోగొట్టుకోవడానికి అంతకన్న నా దగ్గర ఏమున్నది, పోనీ. కాని దేవుడు లేడని తేలిన గుట్ట మీదికి కంకర యంత్రాలు తిరిగి వస్తే? నోరు విప్పితే గుట్ట పోతుంది. విప్పకపోతే గుట్ట ఉండీ మీకు లేదు. గుట్టను పగలగొట్టేవాళ్లు, పూజించేవాళ్లు అని లోకంలో రెండు రకాలవాళ్లే ఉన్నట్టు రాశాను నేను. దాని మీద బ్రతుకుతూ దాన్ని బ్రతకనిచ్చేవాళ్ల మాట నూటపదకొండు పద్యాల్లో ఒక్కచోటా లేదు.

ఆ మాట ఉన్నది నీ అర్జీలోనే. ఆఫీసువారు దాన్ని పక్కన పడేసి, ఈ భాష పనికిరాదన్నారని ఆనాడే నీకు చెప్పాను. అందులో ఏమి రాశావో ఇప్పుడు నాకు సరిగా గుర్తు లేదు. మీ ఊరివాళ్లు గుట్టను ఎట్లా వాడుకుంటారో ఏవో కట్టుబాట్లు రాసినట్టు లీలగా జ్ఞాపకం. జ్ఞాపకం ఉన్నంతవరకు దాన్ని నీవు మళ్లీ రాసి పంపగలవా? నా తప్పును ఒప్పుకునే కాగితానికి అది తోడు ఉంటే, గుట్ట నిలవడానికి దేవుడితో పని లేదని అధికారులకు చూపించవచ్చు. ఇది అడిగే ముఖం నాకు లేదు. అయినా అడుగుతున్నాను.

మీ అమ్మకు చెప్పవలసిన జవాబు నేనే చెబుతాను, తట్ట దింపించి, కూర్చోబెట్టి.

ఇట్లు,
నీ చేత గురువు అనిపించుకున్న
కాశీవిశ్వనాథం

తాజా కలం: గురువారం మధ్యాహ్నం.

నిన్న సాయంత్రం ఈ ఉత్తరాన్ని మనోరమకు చదివి వినిపించాను. అన్నీ విని, "మరి పెట్టెలో ఉన్న ఆ కాగితాల మాట రాయలేదేమండీ?" అన్నది. ఆమె లేచి, మోకాళ్లు పట్టుకుంటూ వెళ్లి, నా పట్టుశాలువల పెట్టె అడుగు నుండి నాలుగు కాగితాలు తెచ్చి ఈ ఉత్తరం మీద పెట్టింది. "తప్పు ఒప్పుకునే ఉత్తరంలో కూడానా?" అన్నది.

నాయనా, నీ అర్జీ ఎక్కడికీ పోలేదు. ఏ ఆఫీసుకూ చేరలేదు. నేను పంపలేదు.

గుర్తు లేదని పైన రాశాను. ప్రతి వాక్యం గుర్తున్నది. వాన పడ్డాక గడ్డి వేళ్లూనేదాకా గొర్లను గుట్ట ఎక్కనియ్యమని రాశావు. కాయ కన్ను విచ్చకముందు తెంపినవాళ్లను ఆ యేడు గుట్టకు రానియ్యమని రాశావు. పచ్చికొమ్మ మీద ఎవరూ కత్తి పెట్టరని, కొసకొమ్మ పండ్లు పిట్టలవని, వాటికి మీ అవ్వ కాలం నుండి దోటి వెయ్యలేదని రాశావు. నీవు అర్జీ ఇచ్చి వెళ్లిన రాత్రి ఎర్రసిరా కలం మూత తీసి దాని ముందు కూర్చున్నాను. నాలుగు పుటలూ అయిపోయాయి. ఎక్కడా ఒక్క చుక్క పెట్టడానికి చోటు దొరకలేదు. యాభై యేళ్లు ఇతరుల తెలుగు దిద్దినవాడికి అది మింగుడుపడలేదు. పెట్టె అడుగున పెట్టి, మరునాటి నుండి నా పద్యాలు మొదలుపెట్టాను.

ఈ ఉదయం అశోక్ నగర్‌లో దానికి జిరాక్సులు తీయించాను. మూలప్రతిని, పురాణం నా కల్పన అని సంతకం చేసిన కాగితాన్ని కలిపి కలెక్టరుగారికి రిజిస్టరు పోస్టులో పంపాను. నీ పేరు, నీ మాటలు, ఒక్క అక్షరం మార్చలేదు. ఒక ప్రతి రమాకాంత్‌గారికి ఇచ్చాను. ఆయన చదివి నా ముఖం చూడలేదు. ఆదివారం సభ ఉంటుందో లేదో తెలియదు. ఉంటే, నన్ను పద్యం చదవమన్నప్పుడు నీ అర్జీ చదువుతాను. దారిలో ఆ ఫ్లాట్ల దగ్గర ఆగాను. పాపం నాదమ్మా, పద్యం కూడా నాదే అని మీ అమ్మకు చెప్పాను. ఆమె, "అయితె మా అవ్వ మంచిదే గద?" అని మాత్రం అడిగింది.

ఒక ప్రతి ఇందులో నీకు పంపుతున్నాను. పరీక్షలు మానుకుని వెళ్లిపోయే రోజు మా గుమ్మంలో నిలబడి, "నా తెలుగు పనికిరాదని ఆఫీసోల్లు అన్నరు గద సార్, ఇంక నేనేం రాస్త పరీక్ష?" అన్నావు. చెప్పులు తొడుక్కుంటూ నా వైపు చూశావు, కాదంటానేమోనని.

ఆ మాట ఆఫీసులో ఎవరూ అనలేదు, నగేష్. నేను అన్నాను.